లిఫ్టు దగ్గర ఊడదీసిన మందు

తగరపువలస ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగా బస్సు మొండికేసింది. కండక్టరు మమ్మల్ని దింపి, వెనకాల వచ్చే బండిలో ఎక్కిస్తానన్నాడు. వెనకాల వచ్చిన రెండు బండ్లూ ఫుట్‌బోర్డు దాకా నిండి, వేగమైనా తగ్గించకుండా పోయాయి. రోడ్ల మీద తిరగడం మరిగినవాడికి ఇలాంటివి లెక్కలోవి కావు, దగ్గర్లో టీ కొట్టు ఉంటే చాలు. ఉంది. దాని ముందు ఖాళీ అంబులెన్సు ఒకటి ఆగి ఉంది. వెనక తలుపులు బార్లా తెరిచి, మెట్టు మీద కూర్చుని నలభై ఏళ్ళ మనిషి ఒకడు గ్లాసులో టీ ఊదుకుంటున్నాడు. నన్నూ నా పుస్తకాల సంచీనీ కాసేపు చూశాడు.

"రండి మేస్టారూ. నడిసొచ్చినోళ్ళని కూడా ఎక్కించుకుంటాం, బయపడకండి" అన్నాడు.

ముందు సీట్లోంచి డ్రైవరు తల బయటపెట్టి, "ఎక్కించుకుంటాం గాని పడుకోనివ్వం" అని అందుకున్నాడు. డ్రైవరు పేరు చలమయ్య. టీ ఊదుకుంటున్నాయన దుర్గారావు. శ్రీకాకుళంలో ఎవరినో ఆపరేషన్ అయ్యాక ఇంటి దగ్గర దింపి, ఖాళీగా విశాఖపట్నం తిరిగి వెళుతున్నారు.

ఎడ్లబండి, గూడ్సు రైలు గార్డు పెట్టె, ఇటుకల లారీ, పెళ్ళివారి ట్రాక్టరు, అన్నీ ఎక్కాను గానీ అంబులెన్సు ఎక్కడం అదే మొదటిసారి. వెనకాల పక్కబల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా ఖాళీ స్ట్రెచరు. గోడకి కొక్కేనికి చిన్న బొప్పాయంత రబ్బరు సంచీ వేలాడుతోంది. అదేమిటని అడిగితే దుర్గారావు తీసి నా చేతిలో పెట్టి, నొక్కమన్నాడు. నొక్కితే అవతలి కొసనుంచి గాలి వస్తుంది, వదిలితే సంచీ మళ్ళీ ఉబ్బుతుంది. ఊపిరి తీసుకోలేని మనిషి గొంతులో దించిన గొట్టానికి దీన్ని తగిలించి, మనసులో ఐదు లెక్కపెట్టుకుని ఒకసారి నొక్కాలట, మళ్ళీ ఐదు, మళ్ళీ ఒకసారి. నా వల్ల ఆనందపురం కూడలి దాకా కాలేదు, వేళ్ళు కొంకర్లు పోయాయి. అతను దీన్ని ఇచ్ఛాపురం దాకా, పార్వతీపురం దాకా నొక్కుకుంటూ వెళ్ళాడు, నాలుగేసి గంటలు.

నాకు తెలిసిన ముక్క ఒకటి చెప్పకుండా ఉండలేకపోయాను. డెబ్బై ఏళ్ళ పైమాట, డెన్మార్కులో పోలియో వ్యాపించి ఊపిరి కండరాలు పడిపోయినప్పుడు, యంత్రాలు చాలక, వందలాది మంది వైద్య విద్యార్థులు వంతులేసుకుని నెలల తరబడి ఇలాగే చేత్తో సంచీ నొక్కి రోగుల్ని బతికించారు. ఐసీయూలంటూ ఇప్పుడు మనం చూస్తున్నవి ఆ చేతుల్లోంచి పుట్టినవే.

దుర్గారావు శ్రద్ధగా విన్నాడు. "ఆళ్ళు బతికించడానికి నొక్కేరు మేస్టారూ" అన్నాడు. "నాను గుమ్మం దాకా నొక్కీవోణ్ణి."

తరవాత మధురవాడ దాకా, అక్కణ్ణించి ఊళ్ళోకీ అతను చెప్పినదే ఇది. నేను అడిగి రాబట్టింది తక్కువ.

దుర్గారావుది చీపురుపల్లి దగ్గర పల్లె. గోగూ నువ్వులూ పండించే ఇల్లు. ఇంటర్ తప్పి పద్దెనిమిదో ఏట ఆటోనగర్‌లో దిగాడు. దించినవాడు అక్క మొగుడు తిరుమలరావు. వాళ్ళ వైపు అక్కని అప్ప అంటారు. అప్ప పేరు గౌరీశ్వరి. తిరుమలరావు పనిచేసేది ఉత్త వ్యాన్లని తెచ్చి అంబులెన్సులుగా మార్చే వెల్డింగు షెడ్డులో. బావ దగ్గరే బావమరిది పని నేర్చుకున్నాడు. స్ట్రెచరు పట్టాలు బిగించడం, సిలిండరుకి కొలతగా గూడు కట్టడం, కొక్కేలు అతకడం. తిరుమలరావు ముఖానికి వెల్డింగు అద్దం కట్టుకుని పది నిమిషాలు ఉండలేడట. పీకి అవతల పారేసి, "ఊపిరాడదురా" అని బయటికొచ్చి నిలబడేవాడు. చొక్కా పైబొత్తం పెళ్ళినాడు కూడా పెట్టుకోలేదు. ఆరేళ్ళు గడిచాక ఆయనే బావమరిదిని దెప్పాడు, ఎంతకాలం ఖాళీ స్ట్రెచర్లు బిగిస్తావు, వాటి మీద మనిషిని ఎక్కించే పని నేర్చుకోరాదా అని. ఆ దెప్పుతోనే దుర్గారావు రోగుల్ని చూసుకునే చిన్న కోర్సు ఒకటి చదివి, ప్రైవేటు అంబులెన్సు కంపెనీలో చేరాడు.

అక్కడ అతనికి పడిన పని ఏమిటో చెప్పాలంటే మనవాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఐసీయూలో మనిషి వెంటిలేటరు మీద ఉంటాడు. ఇక లాభం లేదని తేలుతుంది. అప్పుడు డాక్టర్లు ఇంటివాళ్ళని ఒక చిన్న గదిలోకి పిలిచి, తీసుకెళ్ళిపోండి అంటారు. ఇంటివాళ్ళకీ అదే కావాలి. ప్రాణం సొంత గుమ్మంలో పోవాలి, మంచం మీద కాకుండా నేల మీద పోవాలి, నోట్లో తులసి నీళ్ళు పడాలి. బయట పోయినవాణ్ణి కొన్ని పల్లెల్లో ఊరి మొదట్లోనే ఆపేస్తారు, లోపలికి రానివ్వరు. పట్నంలో అద్దె ఇళ్ళవాళ్ళ అవస్థ చెప్పనే అక్కర్లేదు, ఇంటాయన వీధి అరుగు మీద కూడా దించనివ్వడు, నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు పాడుపెట్టాలని భయం. అంచేత గొట్టం అలాగే ఉంచి, యంత్రం విడదీసి, సంచీ తగిలించి, ఊరి దాకా ఎవరో ఒకరు నొక్కుకుంటూ తీసుకెళ్ళాలి. గుమ్మంలో గొట్టం లాగెయ్యాలి.

దుర్గారావు చేతిలో దారిలో ఎవరూ పోలేదు. ఒక్కరు కూడా. గుమ్మం దాకా ఊపిరి నిలిపి తీసుకొస్తాడని పేరొచ్చింది. పలాస నుంచీ బొబ్బిలి నుంచీ కూడా ఫలానా దుర్గారావునే పంపండని అడిగేవారు. దానికి అతను గర్వపడేవాడు, దాచుకోకుండా చెప్పాడు. పదకొండేళ్ళు అలా గడిచాయి.

పొందూరు అవతల ఒక పల్లెకి రామలక్ష్మమ్మ అనే ముసలామెని తీసుకెళ్ళాడు. నూలు వడికే మనిషి. వాలుగ చేప దవడ ఎముకతో దూది ఏకి సన్ననూలు తీసే ఆడవాళ్ళు ఆ వైపున ఇంకా మిగిలారు. వాళ్ళ వేళ్ళు చూడాలి మీరు, ఎంత వయసొచ్చినా చివర్లు నున్నగా అరిగి మెరుస్తుంటాయి. ఆమె ఐసీయూలో తొమ్మిది రోజులు కదలకుండా పడుకుంది. లిఫ్టు దగ్గరా కదల్లేదు. చిలకపాలెం మలుపులో కాలివేళ్ళు కదిలాయి. గుమ్మం ముందు దింపేసరికి కళ్ళు తెరిచింది.

అమ్మ లేచిందని ఇల్లంతా గొల్లుమంది, ఆనందంతో. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. గొట్టం తీస్తే మాట్లాడుతుందని కొడుకులు తొందరపెట్టారు. దుర్గారావు తీశాడు. తులసి నీళ్ళు పోశారు. అవి పొరపోయాయి. ఆమె మాట్లాడలేదు, దుర్గారావు మణికట్టు పట్టుకుంది. నలభై నిమిషాలు గాలి కోసం పెనుగులాడింది. ఆ నలభై నిమిషాలూ ఆ నున్నటి వేళ్ళు మణికట్టు వదల్లేదు.

తిరిగొచ్చి ఐసీయూలో తెలిసిన నర్సుని అడిగాడు, అన్ని రోజులు హాయిగా పడుకున్న మనిషి గుమ్మంలో అలా ఎందుకైపోయిందని. ఆమె వింతగా చూసింది. లిఫ్టు దగ్గర పంపు నువ్వే కదా ఊడదీసి ఇచ్చావు అంది.

ఆ పంపు చిన్న రేడియో అంత పెట్టె. మందు నింపిన సిరంజిని గంటకింతని సన్నగా తోస్తూ ఉంటుంది. మనిషికి గొట్టం బాధ, ఆయాసం తెలియకుండా ఉంచేది ఆ మందే. పంపు ఆస్పత్రిది, బయటికి పోకూడదు. అందుకని లిఫ్టు తలుపు దగ్గర దాన్ని విప్పి ఆయా చేతికివ్వడం వాళ్ళ పద్ధతి. మూడు గంటల ప్రయాణంలో ఒంట్లో ఉన్న మందు దిగిపోతుంది. సరిగ్గా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి.

"నా సేత్తోనే ఇచ్చేను మేస్టారూ, పదకొండేళ్ళు" అన్నాడు. "రసీదు కూడా తీసుకున్నాను. అందులో ఏటుందని ఒక్కపాలీ అడగనేదు. గుమ్మంలో కళ్ళు తెరిసినోళ్ళు ఆవిడొక్కతే గాదు. మా ఊరి గాలి తగిలి లేసేరనీవోరు. నానూ అదే అనుకున్నాను."

ముందు నుంచి చలమయ్య, ఆ కథ చెప్పిన రోజున వీడు అన్నం తినడు, మీరు దారిలో ఏదైనా తినిపించండి అన్నాడు. దుర్గారావు బండి చూసి నడపమన్నాడు.

ఆ మరుసటి ఏడాదే తిరుమలరావు షెడ్డులో కుప్పకూలాడు. మెదడులో పెద్ద నరం చిట్లింది. ఆపరేషన్ చేశారు, వెంటిలేటరు పెట్టారు. పన్నెండో రోజున చిన్న గదిలోకి పిలిచారు. గౌరీశ్వరి, డిగ్రీ చదువుతున్న కూతురు యశస్విని, తిరుమలరావు అన్న గురునాథరావు, దుర్గారావు. పెద్ద డాక్టరు చెప్పాల్సినది చెప్పాడు. మెదడు ఇక కోలుకోదు, యంత్రం ఉన్నన్నాళ్ళు ఇలాగే, తీసుకెళ్ళిపోండి. ఒక కాగితం ముందుకు తోశాడు.

గురునాథరావు చెడ్డవాడు కాడు. తమ్ముణ్ణి భుజాన మోసి పెంచినవాడు. ఊళ్ళో ఇల్లు అలికించి, నేల మీద చాప వేయించి మరీ వచ్చాడు. మనోడే ఉన్నాడు కదా, దారిలో భయం లేదని దుర్గారావు భుజం మీద చెయ్యి వేశాడు. గదిలో అందరూ దుర్గారావు వైపు చూశారు. తండ్రి లాంటి బావ, పని నేర్పిన బావ. ఆయన ఆఖరి ఊపిరి ఎలా పోవాలన్నది ఆ నిమిషాన అతని చేతికి వచ్చింది.

"నాను తేను" అన్నాడు.

"ఏటి తేవు? ఊరందరినీ తెచ్చినోడివి, సొంత బావని తేవా?" అన్నాడు గురునాథరావు.

"ఊరందరినీ తెచ్చేను గాబట్టే తేను, బావా."

తరవాత కాగితం చదివాడు. వైద్యుల సలహాకి విరుద్ధంగా, మా ఇష్టంతో మేమే రోగిని తీసుకువెళుతున్నాము అని ఉంది. డాక్టరు ఎదుటే దాన్ని పైకి చదివాడు. తీసుకెళ్ళమని మీరే అంటున్నారు, మీ మాటకి ఎదురెళ్ళి తీసుకెళుతున్నామని మమ్మల్ని రాయమంటున్నారు, ఇందులో ఏది నిజం అని అడిగాడు. డాక్టరు అందరూ ఇలాగే సంతకం చేస్తారన్నాడు. అందరూ చేస్తారని దుర్గారావుకీ తెలుసు. పదకొండేళ్ళు ఆ కాగితాల నకళ్ళు జేబులో పెట్టుకునే బండెక్కాడు.

అప్పని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి రామలక్ష్మమ్మ సంగతి చెప్పాడు. అంతవరకూ అది ఎవరికీ చెప్పలేదు. గౌరీశ్వరి రెయిలింగు పట్టుకుని అంతా విన్నది. చివరికి ఒక్కటే అడిగింది, ఆ మందు ఉంచి గొట్టం తియ్యరా అని. అలా చేస్తారో చెయ్యరో అతనికి తెలియదు. అన్నేళ్ళు ఆ వార్డుల్లో తిరిగి, ఆ ప్రశ్న తనకి తట్టనే లేదు. ఇద్దరూ లోపలికి వెళ్ళి, డ్యూటీలో ఉన్న శ్రీసత్య అనే చిన్న డాక్టరుని అడిగారు.

గౌరీశ్వరి చెప్పింది ఇది. "ఆయనకి సొక్కా పైబొత్తం పెడితేనే ఊపిరాడదమ్మా. ఆ గొట్టవెలాగ ఓర్సుకుంటన్నాడో. తీసీండి. గాని ఆయాసపడనీకండి."

శ్రీసత్య వెంటనే ఔననలేదు. ఇలా ఇక్కడ ఇంతవరకూ ఎవరూ అడగలేదంది. మర్నాడు కాగితాల కట్ట ఒకటి పట్టుకొచ్చింది. దీనికి దారి ఉంది. సుప్రీంకోర్టు చెప్పిన దారి. ఆస్పత్రి డాక్టర్లు ముగ్గురు చూసి రాయాలి, ఆ తరవాత జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టరుతో కలిపి ఇంకో ముగ్గురు విడిగా చూసి రాయాలి, ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి, మేజిస్ట్రేటుకి తెలియపరచాలి. దారి ఉంది గానీ నడిచి వెళ్ళినవాళ్ళు తక్కువ, అందుకే గడ్డి మొలిచింది. యాజమాన్యం మనకెందుకీ తలనొప్పి అంది. శ్రీసత్య వదల్లేదు. దుర్గారావు ఆమెని వదల్లేదు. రోజూ పొద్దున్నే ఐసీయూ తలుపు ముందు నిలబడి, ఇవాళ ఎవరు సంతకం పెట్టాలి అని అడిగేవాడు. సెక్యూరిటీ వాళ్ళు గెంటితే కిందికి వెళ్ళి, ఇంకో మెట్ల దారిన పైకొచ్చేవాడు. అంబులెన్సు వాడికి ఆస్పత్రిలో తెలియని మెట్లుండవు.

ఆరు రోజులు పట్టింది. ఐదో రోజున గురునాథరావు నలుగురు చుట్టాలతో దిగాడు. బావమరిది తేకపోతే ఇంకొకడు తెస్తాడని, సొంతంగా బండి మాట్లాడుకున్నాడు. ఆ బండి దుర్గారావు కంపెనీదే. ఆఫీసు వాళ్ళకి ఏమీ తెలియక చలమయ్యని పంపారు.

ఇక్కడ చలమయ్య కలగజేసుకుని, ఆ రోజు తన టైరు పంచరైందని, దేవుడి మీద ఒట్టని చెప్పాడు.

"నాలుగు టైర్లూ ఒక్కపాలే అయినాయి మేస్టారూ" అన్నాడు దుర్గారావు. "అలాటి పంచరు మీరే పుస్తకంలోనూ సదివుండరు."

బండి కదలకపోయేసరికి గురునాథరావు పైకొచ్చి, కాగితం గౌరీశ్వరి చేతిలో పెట్టాడు. నీ సంతకం ఒక్కటి చాలు, వీడి మాట విని నా తమ్ముణ్ణి అనాథలా చంపుకోకు అన్నాడు. మందు మందంటున్నారు, ఆ మందే ప్రాణం తీస్తుంది, అది తెలియదా అన్నాడు. అప్పుడు శ్రీసత్య అక్కడే ఉంది. మందు ఆయాసం తెలియకుండా ఉండడానికి, ఎంత అవసరమో అంతే ఇస్తాం, తీసుకెళ్ళేది జబ్బేనని నిలబడి రెండుసార్లు చెప్పింది. గురునాథరావు ఆమె వైపు చూడలేదు. గౌరీశ్వరి కాగితం చింపలేదు. నాలుగు మడతలు పెట్టి బొడ్డులో దోపుకుని, ఇది నా దగ్గరుంటుంది బావగారూ, మీరు కూర్చోండి అంది.

ఆరో రోజు పొద్దున పది గంటలకి మంచం చుట్టూ తెర లాగారు. గౌరీశ్వరినీ కూతురినీ దుర్గారావునీ లోపలికి రానిచ్చారు, ఎంతసేపైనా ఉండమన్నారు. అది కూడా ఆ వార్డులో కొత్తే. అక్కడ ఇంటివాళ్ళకి రోజుకి పావుగంట. గురునాథరావుని కూడా పిలిచారు. ఆస్పత్రి మంచం మీద నా తమ్ముడికి తులసి నీళ్ళు పొయ్యనని అద్దం అవతలే నిలబడ్డాడు.

అన్ని అలారాలూ ఆపారు. మానిటరు మీద అంకెలు ఆర్పేశారు. ముందు మందు పెంచారు, పెంచి ఊరికే నిలబడ్డారు. తరవాత యంత్రం ఇచ్చే ఊపిరిని కొద్దికొద్దిగా తగ్గించారు. ఒకసారి తిరుమలరావు కనుబొమ్మల మధ్య ముడి పడింది. శ్రీసత్య చెయ్యెత్తి అందరినీ ఆపి, ఇంకాస్త మందిచ్చి, ఆ ముడి విడేదాకా దేన్నీ ముట్టుకోలేదు. గొంతులో గళగళ రాకుండా ఇంకో సూది. అప్పుడు గొట్టం తీసింది. చెంపల మీద ప్లాస్టరు జిగురు మిగిలితే గౌరీశ్వరి కొబ్బరినూనెతో తుడిచింది. యశస్విని దూది తులసి నీళ్ళలో ముంచి పెదవులు తడిపింది. పొయ్యలేదు, తడిపింది అంతే. డాక్టరు నేర్పింది.

దుర్గారావుకి చేతులు ఏం చెయ్యాలో తోచలేదు. అంత దగ్గరగా నిలబడి, దేన్నీ నొక్కకుండా ఉండడం అతనికి అదే మొదలు. వేళ్ళు వాటంతట అవే ఐదు లెక్కపెట్టుకుని మూసుకుంటున్నాయి. చివరికి బావ పాదం పట్టుకున్నాడు.

తిరుమలరావు తన ఊపిరి తానే తీసుకున్నాడు, రెండుంబావు గంటలు. మెల్లగా, ఎడం ఎడంగా. ఒంటి మీద గౌను మెడ దగ్గర ముడి విప్పేసి ఉంది. గౌరీశ్వరి మాట్లాడుతూనే ఉంది. దువ్వాడలో తాముండే ఇంటి నీళ్ళ మోటారు సంగతి, షెడ్డువాళ్ళు వచ్చి అడిగిన సంగతి. పెళ్ళినాటి తగవు ఒకటి ఎత్తి, అప్పుడు తప్పు మీదేనని మళ్ళీ తేల్చి చెప్పింది. ఊపిరి ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియలేదు. శ్రీసత్య వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసేదాకా ఆ తగవు నడుస్తూనే ఉంది.

ఊళ్ళో ఏం జరగాలో అదే జరిగింది. బండిని ఊరి మొదట్లో ఆపారు. పాడె పట్టడానికి దుర్గారావు ముందుకొస్తే గురునాథరావు అడ్డం నిలబడ్డాడు. సూది వేయించి చంపినవాడివి, భుజం పెట్టకు అన్నాడు. దుర్గారావు వాదించలేదు, తప్పుకోనూ లేదు. ఇరవై అడుగుల వెనక ఒక్కడే శ్మశానం దాకా నడిచాడు. ఎవరో పెద్దావిడ గౌరీశ్వరిని అడిగింది, ప్రాణం ఎక్కడ పోయిందమ్మా అని.

"నా సేతుల్లో పోనాది" అంది గౌరీశ్వరి. "మీ గుమ్మం కన్నా తక్కువా?"

పన్నెండో రోజు భోజనాలకి దుర్గారావుని పిలవలేదు. వెళ్ళాడు. బంతిలో కూర్చున్నాడు. పక్కవాడు విస్తరి వదిలి లేచిపోయాడు. దుర్గారావు లేవలేదు, పప్పు మారు వడ్డించమన్నాడు. వడ్డించేవాడు గురునాథరావు వైపు చూశాడు. పప్పు పడింది.

ఇదంతా విని నేను ఒక మాట అన్నాను. మనవాళ్ళు ఊపిరి ఎక్కడ పోవాలన్నదాని గురించి ఇన్ని ఆచారాలు పెట్టుకున్నారు. నేల ఎలా ఉండాలి, తల ఏ దిక్కున ఉండాలి, నోట్లో ఏం పడాలి, ఏ నక్షత్రానికి ఏం చెయ్యాలి. పోయేవాడికి ఎలా ఉందని కూడా అడగాలని ఎందుకు తోచలేదో అని. దుర్గారావు ఒప్పుకోలేదు. ఆ ఆచారాలు పెట్టుకున్నప్పుడు గొంతులో గొట్టాలు లేవన్నాడు. అప్పుడు మనిషి ఇంట్లోనే ఉండేవాడు, పోయేవాడు. ఇంటికెళ్ళి పోవడం తప్పని తను అనడం లేదు. కోరుకున్నవాళ్ళని తీసుకెళతాడు, ఈ నెలలో కూడా ఇద్దరిని తీసుకెళ్ళాడు. కాకపోతే ఇప్పుడొక షరతు పెట్టాడు.

"డాక్టరు మందు రాయాలి. ఆ మందెట్టుకుని నర్సెక్కాల. అప్పుడు నానెక్కుతాను. నేదంటే స్ట్రెచరు లెగదు."

ఆఫీసు మూడుసార్లు తీసేస్తామని బెదిరించింది. తీసెయ్యమన్నాడు. ఇంకా తీసెయ్యలేదు, తీసేస్తే పలాసవాళ్ళకి ఎవరిని పంపాలో తెలియక. కొన్ని ఆస్పత్రుల్లో డాక్టర్లు అతన్ని చూస్తే మొహం చిట్లిస్తారు. ఒక చోట, డ్రైవరు పక్కన కూర్చునేవాడివి మాకు వైద్యం చెబుతావా అన్నారట. డ్రైవరు పక్కన కూర్చోను, రోగి పక్కన కూర్చుంటాను, అందుకే చెబుతున్నాను అన్నాడు. ఇంకొన్ని చోట్ల అతను వస్తున్నాడంటే నర్సు ముందే చెప్పులేసుకుని సిద్ధంగా ఉంటుంది. శ్రీసత్య పనిచేసే చోట ఇప్పుడు ఇంటివాళ్ళకి ఆ రెండో దారి కూడా చెబుతున్నారు. మందు ఉంచి, ఇక్కడే, మీ చేతుల్లో అని. తీసుకునేవాళ్ళు తీసుకుంటున్నారు.

హనుమంతవాక దగ్గర ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. రాజాం వైపు కేసు, వెంటిలేటరు మీదనుంచి ఇంటికి. మహారాణిపేట వైపు ఒక ఆస్పత్రి. దుర్గారావు రెండు ప్రశ్నలు అడిగాడు. అవతల గొంతు పెద్దదైంది. నర్సు లేదు, మందు లేదు, ఇంటివాళ్ళు గంటనుంచి గోల చేస్తున్నారు, నోరు మూసుకుని ఎక్కించు అన్నది నాకూ వినబడింది. అతను సరే వస్తున్నానని పెట్టేశాడు. చలమయ్య, నీ ఉద్యోగం ఇవాళతో సరి, నీతో పాటు నాదీ అన్నాడు. అంటూనే గేరు మార్చి జోరు పెంచాడు.

నా మనసులో ఒకటి మిగిలిపోయింది. గురునాథరావు ఈ మధ్యనైనా మాట్లాడాడా అని. అడుగుతూ ఉండగానే బండి ఆస్పత్రి వెనక వాలుదారి ఎక్కి ఆగింది. అక్కడ పదిహేను మంది ఉన్నారు. తెల్లపంచె కట్టిన పెద్దాయన ఒకడు ఎదురొచ్చి, త్వరగా బాబూ, ఊళ్ళో అంతా ఎదురు చూస్తున్నారని దుర్గారావు చెయ్యి పట్టుకున్నాడు. ఆఫీసు మనిషి స్ట్రెచరు దింపమని చెయ్యూపుతున్నాడు.

దుర్గారావు దిగాడు. ఆ పెద్దాయన పట్టుకున్న చేతిని విడిపించుకోలేదు, రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని, చెవి దగ్గర ఏదో చెప్పాడు. నాకు మందు, నర్సు అన్న రెండు మాటలే వినబడ్డాయి. ముసలాయన మొదట కోపంగా తల ఊపాడు, తరవాత ఊపడం మానేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గట్టిగా అడగడం మొదలెట్టారు, బండి వచ్చింది కదా ఇంకా ఆలస్యం ఏమిటని. ఆఫీసు మనిషి దారికి అడ్డం వచ్చాడు. దుర్గారావు అతని పక్కనుంచి, ముసలాయనని వెంటబెట్టుకుని, ఐసీయూ మెట్ల వైపు నడిచాడు. మొదటి మలుపు దగ్గర వాళ్ళిద్దరి కాళ్ళు మాత్రం కనిపించాయి, తరవాత అవీ కనిపించలేదు.